గంటన్నర క్షవరం

తాళం పగల్లేదు. డిటెక్టివ్ కంట ముందుగా పడింది అదే. గడియ చుట్టూ గీత లేదు, తలుపు చెక్క చిట్లలేదు, తాళంచెవి పెడితే వెన్నలో తిరిగినట్టు తిరుగుతోంది. నిన్న ఈ ఇంట్లో దూరినవాడు దొంగలా రాలేదు, ఇంటి అల్లుడిలా తలుపు తీసుకుని వచ్చాడు.

"తాళంచెవులు ఎన్నున్నాయి?" అని అడిగింది.

"రెండు" అంది ఇంటావిడ. "ఒకటి నా సంచిలో ఉంది. రెండోది ఆయన చొక్కా జేబులో."

"ఆ చొక్కా ఎక్కడ?"

"మిల్లు లాకర్లో. ఆయన్ని డ్యూటీలోంచే పట్టుకుపోయారు కదమ్మా."

మిల్లు లాకర్ల గది ఎవరి గుప్పిట్లో ఉంటుందో వేరే చెప్పాలా. డిటెక్టివ్ చిన్న పుస్తకంలో 'మిల్లు' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

కేసు ఇది. ఈ ఇంటాయన బట్టల మిల్లులో ఎలక్ట్రీషియన్. పంతొమ్మిది రోజుల కింద ప్యాకింగు గదిలో మంటలు రేగాయి. అక్కడ ప్రమాదం వస్తే తప్పించుకోవడానికని ఒక తలుపు ఉంది. దానికి బయట గొలుసు వేసి తాళం బిగించారు. ఇద్దరు ఆడవాళ్ళు ఆ తలుపు బాదుతూనే చచ్చిపోయారు. తన సామాను పోతోందని ఎలక్ట్రీషియనే ఆ సాయంత్రం గొలుసు వేశాడని యాజమాన్యం చెప్పింది. పోలీసులు అవునన్నారు. కానీ ఆ గొలుసు నెలల తరబడి అక్కడే వేలాడుతోంది. అతను వద్దని మొత్తుకున్నాడు, ఎవరూ వినకపోతే ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. ఆ ఫోను మంటల్లో కాలిపోయింది. ఫోటోలు మాత్రం తీసినవి తీసినట్టు నెట్ ఖాతాలోకి ఎక్కాయి, అక్కడినుంచి ఇంట్లో లాప్‌టాప్‌లోకి, డిస్కులోకి చేరాయి. రేపు పొద్దున్న పదిన్నరకి కోర్టు. తారీఖులతో సహా ఆ ఫోటోలు చూపిస్తే మనిషి ఇంటికొస్తాడు. లేకపోతే పదేళ్ళకి తక్కువ పడదని వకీలే చెప్పాడు.

నిన్న లాప్‌టాప్ పోయింది, డిస్కు పోయింది, ఖాతా ఖాళీ అయింది.

ఇంటావిడ సిటీ బస్సు కండక్టరు. టైము విషయంలో ఆమెను తప్పు పట్టడం ఎవరివల్లా కాదు. మంగళవారం మంగళవారం మొగుణ్ణి చూడటానికి జైలుకెళ్తుంది. నిన్న తొమ్మిదీ యాభైకి గేటు దగ్గర ఫోను అప్పగించింది, పదకొండూ అయిదుకి వెనక్కి తీసుకుంది. తీసుకునేసరికి అందులో ఒక కబురు ఉంది: మీ ఖాతాలో ఫోటోలన్నీ తొలగించబడ్డాయి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయబడింది. పదీ పద్నాలుగుకి వచ్చిన కబురు. ఆమె ఫోన్లో ఉన్న బొమ్మలు కూడా మాయమయ్యాయి.

"ఫోన్లో ఉన్నాయి, నెట్లో ఉన్నాయి, లాప్‌టాప్‌లో ఉన్నాయి కదా అనుకున్నానమ్మా" అంది కండక్టరు. ఏడుపు గొంతు కాదు, కోపం. "మూడుచోట్ల పెట్టుకున్నా కూడా పోతాయా?"

"మూడుచోట్ల పెట్టలేదు తల్లీ, ఒక్కచోటే పెట్టావు. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోయేది నకలు కాదు, అద్దం. ఎదురుగా మనిషి లేచి వెళ్ళిపోతే అద్దంలో బొమ్మ కూర్చుని ఉంటుందా?"

ఈ మాట డిటెక్టివ్ చాలామందికి చెప్పింది. డిటెక్టివ్ పని మొదలుపెట్టకముందు ఆమె ఇరవై రెండేళ్ళు ఫోటో స్టూడియో నడిపింది. ఒక్క వానకి కింది అంతస్తులో నీళ్ళు నిండి నలభై వేల నెగెటివ్‌లు జావ అయిపోయాయి. పోయిన పిల్లాడి ఫోటో ఇంకొకటి తీసిమ్మని ఒక తల్లి వచ్చి నిలబడింది. ఆ రోజునుంచి ఆమెది ఒకటే పద్ధతి: ఏ కాగితమైనా, ఏ బొమ్మైనా మూడు నకళ్ళు, అందులో ఒకటి వేరే కప్పు కింద పడుకోవాలి. ఊళ్ళో వాళ్ళు ఆమెను నెగెటివమ్మ అంటారు. అననీ.

ఇంట్లో ఫోటోలున్నాయని అవతలి పక్షానికి ఎవరు చెప్పారని అడిగితే, మన వకీలేనని తేలింది. ఏ సాక్ష్యం ఎక్కడుందో జాబితా రాసి కోర్టుకిచ్చాడు. అందులో ఒక ప్రతి మిల్లు వకీలుకి వెళ్ళింది. లాప్‌టాప్, బీరువాలో డిస్కు, నెట్ ఖాతా అని వరసగా రాశాడు మహానుభావుడు. బీరువా ఏ గదిలో ఉందో మాత్రం మర్చిపోయాడు.

డిటెక్టివ్ ఆ బీరువా తెరిచింది. పై అరలో దుప్పట్లు మడత నలగలేదు. కింది అరలో బిస్కట్ల రేకుడబ్బా ఉంది, మూత నొక్కి పెట్టే ఉంది. లోపల మెత్తటి గుడ్డ పరిచి ఉంది, గుడ్డ మీద డిస్కు కూర్చున్న గుంట. మూత లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. దాని మీద ఇంటాయన చేతిరాతతో తారీఖులు, ప్రతి తారీఖు పక్కనా టిక్కు. గోడ మీద క్యాలెండరుతో సరిచూసింది. అన్నీ నెలలో మొదటి ఆదివారాలే. చివరి టిక్కు మంటలు రేగడానికి అయిదు రోజుల ముందుది.

"ఇవేంటి?"

ఆ ఆదివారాలు ఆయన డిస్కులోకి కొత్త ఫోటోలు ఎక్కించేవాడని కండక్టరు చెప్పింది. ఎక్కించాక ఏం చేసేవాడంటే, క్షవరానికి వెళ్ళేవాడంది.

"ఎంతసేపు?"

"గంటన్నర పట్టేది. అంతసేపు కూర్చుని వచ్చినా తల వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండేది. పైగా ఆ పూట భోజనం సగం వదిలేసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది."

డిటెక్టివ్ అది కూడా రాసుకుంది. జైల్లో మొగుడు ఏమంటున్నాడని అడిగింది. కండక్టరు మొహం ముడుచుకుంది. ఎప్పుడూ ఉండేదేనంది. నెత్తిన ఇంత పెద్ద బండ పడితే అతనికి ఇంకా అక్క గోలే. రెండువారాలూ అదే పాట, మా అక్కని ఒకసారి కలువు, మా అక్కతో మాట్లాడు అని. పక్కనే కాపలావాడు నిలబడి వింటుంటే ఇంటి రాజీలు మాట్లాడే వేళేనా అది? ఈమె సరే అని కూడా అనలేదు.

మంచినీళ్ళు తాగుతానని డిటెక్టివ్ వంటింట్లోకి నడిచింది. దాహం వేసి కాదు, మిగిలిన గది అదొక్కటే గనక. రెండు మంటల పొయ్యి, ఒక కుక్కరు, తలకిందులుగా బోర్లించిన నాలుగు గిన్నెలు. షిఫ్టుల్లో పనిచేసే మనిషి వంటిల్లు, అవసరానికి మించి చెంచా కూడా లేదు. నీళ్ళు తాగి గ్లాసు కడిగి పెడుతుండగా ముందుగదిలో బూట్ల చప్పుడు వినిపించింది. టైము పదకొండూ పది.

వచ్చినవాడు ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు మిల్లుకి భద్రతాధికారి. ఉద్యోగం మారినా నడక మారలేదు. ఎవరింట్లోనైనా అడక్కుండా కూర్చుంటాడు. కూర్చున్నాడు కూడా.

"నెగెటివమ్మగారా. పాతకాలం ఫోటోలు కడుక్కునేవాళ్ళకి కూడా కేసులు దొరుకుతున్నాయన్నమాట."

"మీరు కడిగేసినవాటిని మళ్ళీ కడగడానికే పిలుస్తున్నారు సారూ" అంది డిటెక్టివ్.

అతను నవ్వలేదు. సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆయన తలుపు ఫోటోలు తీసిన మాట అబద్ధం, నేనెప్పుడూ అలాంటివి చూడలేదు అని అందులో ఉంది. కింద సంతకానికి ఖాళీ. సంతకం పెడితే యాజమాన్యం పెద్దమనసు చేసుకుంటుందన్నాడు, శిక్ష సగానికి సగం తగ్గేలా చూస్తామన్నాడు. పెట్టకపోతే, లేని ఫోటోల కోసం దొంగతనం నాటకమాడినందుకు ఈవిడ మీద కూడా కేసు పెట్టాల్సి వస్తుందన్నాడు.

చనిపోయిన ఇద్దరి గురించి ఆ కాగితంలో ఏమన్నా ఉందా అని డిటెక్టివ్ అడిగింది. వాళ్ళకీ దీనికీ సంబంధం లేదన్నాడు. నిన్న పదింటినుంచి పదిన్నర దాకా తమరెక్కడున్నారని అడిగింది. ఆ ప్రశ్న అడిగే హక్కు నీకు లేదన్నాడు. లేదు గనకే మర్యాదగా అడుగుతున్నానని చెప్పింది. ఎలక్ట్రీషియన్ లాకర్ తాళం ఎవరి దగ్గరుందో చెప్పమంది. అప్పుడతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ముప్ఫై ఏళ్ళు జనాన్ని ప్రశ్నలడిగిన మనిషి, తిరిగి అడిగితే తట్టుకోలేడు. కోపం తలకెక్కితే నోరు జారడం వాళ్ళ జబ్బు.

"ఫోటోలూ ఫోటోలూ అంటున్నావు" అన్నాడు, కండక్టరు వైపు చెయ్యి విసిరి. "పొద్దస్తమానం కేకులు చేసుకుంటూ, చేసిన ప్రతి కేకునీ నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసుకునే మనిషి ఈవిడ. ఆ కేకుల గుట్టలో తలుపు ఫోటో ఒకటి ఉందో లేదో ఈవిడకేం గుర్తుంటుంది?"

కండక్టరు నోరు తెరిచింది. డిటెక్టివ్ బల్ల కిందనుంచి ఆమె కాలు తొక్కింది, గట్టిగా, మడమతో. నోరు మూతపడింది.

"నిజమే సారూ" అంది డిటెక్టివ్ నింపాదిగా. "గుర్తుండకపోవచ్చు. కాగితం ఇక్కడ వదిలి వెళ్ళండి. చదువుకుని సాయంత్రానికి చెబుతుంది."

గెలిచానన్న మొహంతో అతను మెట్లు దిగాడు. బూట్ల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా డిటెక్టివ్ కదల్లేదు.

"కాలు విరగ్గొట్టేశారు" అంది కండక్టరు. "ఏమంటున్నాడమ్మా వాడు? నేనెప్పుడు కేకులు చేశాను? మా ఇంట్లో ఓవెనే లేదు."

"చూశాను. మరి మీవాళ్ళలో కేకులు చేసేదెవరు?"

"మా వదిన. ఆయన అక్క. బేకరీ ఉంది ఆవిడకి."

"ఇప్పుడు డిస్కు సంగతి మొదటినుంచీ చెప్పు."

చెప్పింది. నాలుగేళ్ళ కింద ఒకే రకం డిస్కులు రెండు కొన్నారు, ఒకటి వీళ్ళకి, ఒకటి వదినకి. నెలకోసారి ఎవరి డిస్కు వాళ్ళు తెచ్చుకుని, కొత్త ఫోటోలు ఎక్కించుకుని, మళ్ళీ ఇళ్ళు మార్చేవాళ్ళు. వీళ్ళది అక్కడ, అక్కడిది ఇక్కడ. ఒక ఇంటికి ఏమైనా అయితే ఇంకో ఇంట్లో మిగులుతుందని ఆయన పెట్టిన పద్ధతి. ఆరునెలల కింద ఆయన పుట్టినరోజుకి వదిన కేకు తెస్తే, ఎండిపోయిందని ఈమె నలుగురిలో అనేసింది. అంతే, మాటల్లేవు. డిస్కుల మార్పిడి కూడా మానెయ్యమని ఆయనకి ఖరాఖండిగా చెప్పేసింది. ఆయన సరేనన్నాడు.

"నువ్వు మానేశావు. నీ మొగుడు మానలేదు" అంది డిటెక్టివ్. "పెళ్ళానికి ఎదురు చెప్పలేడు, అక్కని వదులుకోలేడు. అందుకని మొదటి ఆదివారం క్షవరానికని చెప్పి డిస్కు చంకలో పెట్టుకుని అక్క దగ్గరికెళ్ళేవాడు. ఆవిడ కడుపునిండా పెట్టి పంపేది. లోకంలో ఏ మంగలీ గంటన్నరసేపు క్షవరం చెయ్యడు తల్లీ. నిన్న వాళ్ళు ఎత్తుకెళ్ళింది మీ వదిన డిస్కు. తెరిచి చూస్తే కేకులు కనపడ్డాయి. దొంగతనం ఎవరు చేయించారో వాడి నోటితో వాడే చెప్పిపోయాడు."

కండక్టరు రేకుడబ్బా మూత తిప్పి ఆ టిక్కులన్నీ మళ్ళీ చూసింది. మా అక్కని కలువు అని మొగుడు రెండు వారాలు అడిగాడు. కాపలావాడు వింటుంటే అంతకన్నా ఎలా చెబుతాడు? చివరికి చీర చెంగుతో మొహం తుడుచుకుని, తన డ్యూటీ పన్నెండూ నలభైకి మొదలవుతుందని, అప్పటిదాకా ఎక్కడికంటే అక్కడికి వస్తానని చెప్పింది.

డిటెక్టివ్ స్కూటరు మీద ఇద్దరూ పదకొండూ నలభై అయిదుకి బేకరీ ముందు దిగారు. వదిన గల్లా వెనక నిలబడి ఉంది, మోచేతుల దాకా పిండి. మరదల్ని చూసి చూపు తిప్పుకుంది. మరదలు నేల చూసింది. ఆ ఇద్దరి మధ్య డిటెక్టివ్ గోడలా నిలబడి, తమ్ముడి డిస్కు ఎక్కడుందని సూటిగా అడిగింది.

వదిన లోపలికెళ్ళి గట్టిమూత డబ్బా ఒకటి తెచ్చింది. చెమ్మ తగలకుండా అడుగున గుప్పెడు బియ్యం పోసి ఉంది. బియ్యం మీద నల్లటి డిస్కు. అందులో ఏముందో ఆవిడకి తెలియదు. మీ డబ్బా మీది, నేనెందుకు తెరుస్తానంది. చెప్పేది డిటెక్టివ్‌కే అయినా వినాల్సింది మరదలని అందరికీ తెలుసు.

కేకుల మీద బొమ్మలు అచ్చువేసే కంప్యూటరు ఒకటి మూలన ఉంది. డిస్కు దానికి తగిలించారు. తలుపు ఫోటోలు పదకొండు. పదకొండింటికీ తారీఖులున్నాయి, మూడునెలల పొడవునా. ప్రతిదాంట్లోనూ అదే తలుపు, అదే గొలుసు. తొమ్మిదో ఫోటో దగ్గర డిటెక్టివ్ చెయ్యి ఆగిపోయింది.

అందులో గొలుసు ఒక్కటే లేదు. గొలుసు బిగిస్తున్న మనిషి ఉన్నాడు. చేతిలో తాళాల గుత్తి, ఎవరో పిలిస్తే తిరిగినట్టు సగం తిరిగిన మొహం. గంట కింద అడక్కుండా కుర్చీలో కూర్చున్న మొహమే అది. యాజమాన్యం పరువు కోసమే అతను ఫోటోల వెంట పడుతున్నాడనుకుంది డిటెక్టివ్. కాదు, తన మెడ కోసం.

"ఇది ఇప్పుడే... ఇప్పుడే మా వకీలుకి ఫోన్లో పంపేద్దాం" అంది కండక్టరు, తడబడుతూ.

డిటెక్టివ్ వద్దంది. కబుర్లు చెప్పుకునే యాప్‌లో పంపితే బొమ్మని పిండి పిప్పి చేసి పంపుతుంది, తారీఖు రాలిపోతుంది. తీసింది తీసినట్టు ఉన్న ఫైలు కావాలి. డిస్కులో ఉన్నది ఒకటి. బేకరీ కంప్యూటరులోకి ఎక్కించింది రెండు. తన సంచిలోంచి గోరంత మెమరీ కార్డు తీసి అందులోకి ఎక్కించింది మూడు. ఎక్కించి ఊరుకోలేదు. కార్డు తీసి, మళ్ళీ పెట్టి, పదకొండూ ఒక్కొక్కటే తెరిచి చూసింది. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టే.

కార్డు కండక్టరు టిక్కెట్ల సంచిలో అడుగున చేరింది, దాని మీద కేకు కాగితం మీద అచ్చు తీసిన తొమ్మిదో ఫోటో. డిపో రెండు సందుల అవతలే. పన్నెండూ నలభై బస్సు మిల్లు రోడ్డు మీదుగా ఒకటీ ఇరవై అయిదుకి కోర్టు స్టాపులో ఆగుతుంది. వకీలు ఆఫీసు స్టాపుకి ఎదురుగానే. పన్నెండున్నరకి కండక్టరు వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వదిన వైపు చూసింది. వదిన గల్లా మీద పిండి తుడుస్తోంది.

పన్నెండూ నలభై ఏడుకి మాజీ ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు, వెంట ఒక మనిషి. ఆ మనిషి పొద్దుటినుంచీ స్కూటరు వెనకే తిరిగాడు, కాలినడకన వెళ్ళిన కండక్టరుని పట్టించుకోలేదు. బేకరీ అన్న మాట ఫోన్లో వినగానే సారుకి కేకుల లెక్క తేలిపోయింది. ఇప్పుడతను అద్దాల పెట్టెలో కేకులు చూస్తూ నిలబడ్డాడు. వాటిని ఇంతకుముందు ఎక్కడో చూసినట్టు చూస్తున్నాడు.

"డిస్కు ఇచ్చెయ్" అన్నాడు.

"తీసుకోండి సారూ. మీరు పట్టుకెళ్ళే రెండోది ఇది. ఈసారన్నా తెరిచి చూసుకోండి. తొమ్మిదోది బాగా వచ్చింది."

డిస్కు జేబులో వేసుకున్నాడు. వెంట వచ్చినవాడు కంప్యూటరు పెట్టె తీగలతో సహా పీక్కుని బయటికి మోసుకెళ్ళాడు. మూడు నకళ్ళలో రెండు అయిపోయాయి. డిటెక్టివ్ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ నిలబడటం చూసే అతనికి అనుమానం తగిలింది.

"కండక్టరు ఏది?"

అతని కళ్ళు గోడ గడియారం మీదికి వెళ్ళాయి, అక్కడే ఆగాయి: పన్నెండూ నలభై బస్సు కోర్టు మీదుగా పోతుంది. ఆ మరుక్షణం వెనక్కి తిరిగి బయటికి దూకాడు. షట్టరు దడదడమని కిందికి దిగింది. బయట తాళం పడిన చప్పుడు. తర్వాత మీటరు పెట్టె దగ్గర ఏదో టక్కుమంది, దీపాలు ఆరాయి, పొగ లాగే ఫ్యాను ఆగిపోయింది. ఓవెన్లో రొట్టెలు మాత్రం కాలుతూనే ఉన్నాయి. ఆ మనిషికి తెలిసిన విద్య అదొక్కటే, లోపల మనుషులుండగా బయట తాళం వెయ్యడం.

పొగ నెమ్మదిగా కప్పుకి ఎక్కసాగింది. డిటెక్టివ్ ఫోను తీసి కండక్టరు నంబరు నొక్కింది. మోగుతోంది, ఎత్తడం లేదు. వదిన చీకట్లోనే తడుముకుంటూ వెళ్ళి గ్యాసు కట్టేసింది. అక్కడినుంచి పిండి బస్తాల వెనక్కి నడిచింది.

"ఇలా రండమ్మా" అంది.

అక్కడ ఒక తలుపుంది. నడుమెత్తున అడ్డంగా ఇనప కడ్డీ ఉంది, తాళం లేదు, గడియ లేదు.

"రెండు నెలల కింద మా తమ్ముడు బిగించాడు. నాకెందుకురా ఇది అంటే, అక్కా, మనుషులు పనిచేసే చోట తలుపు లోపలినుంచి తొయ్యగానే తెరుచుకోవాలి అన్నాడు. తలుపు మూసి ఇద్దర్ని చంపాడంటున్నారే, వాడు బిగించిన తలుపు ఇది."

రెండు చేతులతో కడ్డీ తోసింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. సందులో ఎండ, కేకులు చేరవేసే చిన్న వ్యాను. ముందు వీధిలో జీపు అప్పటికే మలుపు తిరిగి మిల్లు రోడ్డు వైపు పోతోంది. బస్సుకన్నా జీపుకి వేగం ఎక్కువ. కోర్టుకి ముందు ఇంకా ఆరు స్టాపులున్నాయి, ఏ స్టాపులోనైనా ఎక్కెయ్యగలడు.

డిటెక్టివ్ మళ్ళీ నంబరు నొక్కబోయింది. వదిన ఫోను లాక్కుంది. ఈసారి రెండో మోతకే ఎత్తారు.

"నేను, వదినని" అంది, ఆరునెలల తర్వాత. "వాడు జీపులో నీ వెనకే వస్తున్నాడు. ఈ ఒక్కరోజుకీ బస్సు తలుపు ఎక్కడా తియ్యనివ్వకు."

అటువైపు ఇంజను హోరు, మనుషుల గొంతులు. మరదలి గొంతు టిక్కెట్లు కొట్టేటప్పటి గొంతులా ఉంది.

"ఇప్పుడే మిల్లు గేటు స్టాపు దాటాం వదినా. పొద్దుటి షిఫ్టు వదిలారు, బస్సు నిండిపోయింది. తొమ్మిదో ఫోటో చేతినుంచి చేతికి చివరి సీటుదాకా వెళ్ళింది. మంటల్లో చచ్చిపోయినవాళ్ళలో ఒకామె చెల్లెలు నా పక్కనే నిలబడి ఉంది." అక్కడ ఎవరో ఏదో అన్నారు, చాలామంది ఒకేసారి అవునన్నారు. "తలుపు తియ్యమనే అంటున్నారు వదినా వీళ్ళంతా. వాణ్ణి ఎక్కనివ్వమంటున్నారు."